ఫోను, చదువు, వినోదం: ఇంటర్మీడియట్ విద్యార్థులూ తల్లిదండ్రులూ తరచుగా అడిగే ప్రశ్నలు

నేను జూనియర్ కళాశాలలో గణితం చెబుతాను. పాఠం అయ్యాక గుమ్మం దగ్గర ఆగి పిల్లలు అడిగేవాటిలో, సమావేశాలకు వచ్చినప్పుడు అమ్మానాన్నలు అడిగేవాటిలో సగం ప్రశ్నలు ఇప్పుడు ఫోను గురించే ఉంటున్నాయి. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలను, వాటికి నేను చెప్పే జవాబులను ఇక్కడ రాస్తున్నాను.

పరీక్షలు అయ్యేదాకా ఫోను పూర్తిగా పక్కన పెట్టేయడమే మంచిది కదా?

పెట్టగలిగినవారు పెట్టేయండి, నష్టమేమీ లేదు. కానీ అలా శపథం చేసిన పిల్లల్లో చాలామంది నెల తిరగకముందే మళ్లీ ఫోను పట్టుకోవడం నేను ఏటా చూస్తున్నాను. అందుకు వారిని తప్పుపట్టలేను. హోంవర్కు వాట్సాప్ గ్రూపులో వస్తుంది. హాల్ టికెట్ ఫోనులోనే దించుకోవాలి. అర్థం కాని పాఠం మళ్లీ వినాలన్నా ఫోనే దిక్కు. ఇక శపథం ఒక్కసారి తప్పిన రోజున "ఎలాగూ పోయింది" అనుకుని ఆ రాత్రంతా చూసేస్తారు. అసలు నష్టం అక్కడ జరుగుతుంది.

పైగా వినోదం మనిషికి కావాలి. పదహారేళ్ల పిల్ల రోజుకు పది గంటలు చదివి, ఒక్కసారి కూడా నవ్వకుండా పడుకోవాలని నేను ఎన్నడూ కోరుకోను. నేను అడిగేది ఒక్కటే. చూడబోయేది ఎక్కడ ఆగుతుందో, చూడటం మొదలుపెట్టకముందే తెలిసి ఉండాలి. చెరువుకు గట్టు ఉన్నట్టు వినోదానికీ గట్టు ఉండాలి.

సినిమా చూస్తే ఫరవాలేదంటారు, రీల్స్ చూస్తే వద్దంటారు. రెండూ వినోదమే కదా?

రెండూ వినోదమే. సినిమా రెండున్నర గంటలకు అయిపోతుంది. తెర మీద పేర్లు పడతాయి, లైట్లు వెలుగుతాయి, జనం లేస్తారు. మనం లేవాల్సిన సమయం అయిందని అది మనకు చెబుతుంది. రీల్స్ ఎన్ని చూసినా ఆ మాట చెప్పవు.

ఇలా ఉండటం యాదృచ్ఛికం కాదు. ఒకప్పుడు ఏ వెబ్ పేజీకైనా అడుగు ఉండేది. అక్కడికి వచ్చాక "తర్వాతి పేజీ" అన్న చోట నొక్కితేనే ముందుకు వెళ్లేవాళ్లం. నొక్కడానికి ముందు ఒక్క క్షణం ఆగేవాళ్లం. 2006లో ఆజా రాస్కిన్ అనే ఇంజనీరు, అడుగే లేకుండా కిందికి జరుగుతూ పోయే పద్ధతిని రూపొందించాడు. జనం సమయం దాని వల్ల ఎంత పోతోందో చూశాక, తర్వాతి కాలంలో ఆయనే బహిరంగంగా పశ్చాత్తాపం చెప్పాడు. మన దేశంలో 2020 జూన్ చివర టిక్‌టాక్‌ను నిషేధించారు. జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చేశాయి. పేర్లు మారాయి, బొటనవేలు చేసే పని మాత్రం మారలేదు.

అందుకే నా విద్యార్థులకు ఒక తేలిక కొలత చెబుతాను. "ఇది ఎప్పుడు అయిపోతుంది?" అని అడిగితే జవాబు ఉన్నదాన్ని నిశ్చింతగా చూడండి. సినిమా, వెబ్ సిరీస్‌లో ఒక భాగం, ఒక పాటల కచేరీ, క్రికెట్ మ్యాచ్, అన్నింటికీ జవాబు ఉంది. జవాబు లేనివాటికి గట్టు మీరే వేయాలి. అది కూడా బయటి నుంచి వేయాలి. గంట మోగే అలారమో, బస్సు వచ్చే వేళో, అమ్మ భోజనానికి పిలిచే సమయమో అయితే పనిచేస్తుంది. "ఇంకొన్ని చూసి ఆపేస్తాను" అన్నది గట్టు కాదు.

చదువు మధ్యలో ఐదు నిమిషాలు ఫోను చూసి మళ్లీ చదువుకుంటే ఏమవుతుంది?

ఇంటిగ్రేషన్ లెక్క చేస్తున్నారనుకోండి. నాలుగో వరుసలో బ్రాకెట్ ముందు ఒక మైనస్ గుర్తు ఉంది. దాన్ని మనసులో పట్టుకుని ఐదో వరుసకు వెళ్లాలి. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. చూశారు, నవ్వుకున్నారు, తిరిగి వచ్చారు. ఐదో వరుసలో బ్రాకెట్ విప్పేటప్పుడు ఆ మైనస్ లోపలికి వెళ్లలేదు. మిగతా లెక్కంతా శుభ్రంగా చేసి ఒక జవాబు తెచ్చారు. బాధాకరమైన విషయం ఏమిటంటే, గుర్తు తప్పిన ఆ జవాబు కూడా నాలుగు ఆప్షన్లలో ఒకటిగా సిద్ధంగా ఉంటుంది. మీకు తప్పు చేశామన్న అనుమానం కూడా రాదు.

ఒక పని వదిలి ఇంకో పనికి వెళ్లినప్పుడు మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రయోగాలతో చూపించారు. మీరు పుస్తకం వైపు తిరిగినా, మనసు పూర్తిగా తిరగడానికి మరికొంత సమయం పడుతుంది. కాబట్టి ఐదు నిమిషాల విరామానికి మీరు చెల్లించేది ఐదు నిమిషాలతో పోదు.

ఈ విషయంలో నాకు ఎక్కువ నేర్పింది ఒక విద్యార్థిని. "చదివేటప్పుడు పక్కన తెల్లకాగితం పెట్టుకో. ఫోను మీదికి మనసు పోయినప్పుడల్లా ఒక గీత గీయి. ఇంకేమీ మార్చకు" అని ఆమెకు చెప్పాను. మర్నాడు కాగితం తెచ్చింది. గంటలో పంతొమ్మిది గీతలు. ఐదేసి చొప్పున కట్టలు కట్టి, ప్రతి కట్ట పక్కన అప్పుడు చేస్తున్న లెక్క నంబరు కూడా రాసుకుంది. ఆ పని నేను చెప్పలేదు, తనకే తోచింది. చూస్తే, సులభంగా వచ్చిన లెక్కల దగ్గర ఒకటీ అరా గీతలున్నాయి. కట్టలన్నీ రాని లెక్కల దగ్గరే పడ్డాయి.

ఆ కాగితం చూశాక నా ఆలోచన మారింది. పిల్లలు సరదా కోసం ఫోను తీస్తున్నారని నేను అనుకునేవాణ్ణి. చాలాసార్లు వారు అర్థం కాకపోవడం అనే ఇబ్బంది నుంచి తప్పించుకోవడానికి తీస్తున్నారు. దానికి మందు వేరు. లెక్క ఎక్కడ ఆగిందో ఒక వాక్యంలో రాయండి. "ఇక్కడ ఈ సూత్రం ఎందుకు వాడారో తెలియలేదు" అని రాసి, తర్వాతి లెక్కకు వెళ్లండి. ఆ వాక్యాలన్నీ మర్నాడు మీ అధ్యాపకుల దగ్గరికి తీసుకురండి. నా దగ్గరికి అలా వచ్చిన పిల్లలను చూస్తే నాకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు.

రోజుకు ఎన్ని గంటలు చూడవచ్చో ఒక అంకె చెప్పండి.

చిన్నపిల్లలకు అంకె ఉంది. ఏడాది నిండని పిల్లలకు తెర అసలే వద్దని, 2 నుంచి 4 ఏళ్ల వారికి గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పదహారు, పదిహేడేళ్ల వారికి అందరికీ సరిపోయే అంకె నేను చెప్పలేను. వెనక నుంచి లెక్కపెట్టుకోండి. 24 గంటల్లో నిద్రకు 8 తీసేయండి. కళాశాల, ప్రయాణం, స్నానం, భోజనాలు తీసేయండి. సొంతంగా కూర్చుని చదివే సమయం తీసేయండి. కాసేపు నడకకో ఆటకో తీసేయండి. మిగిలింది మీది. చాలామందికి గంట నుంచి గంటన్నర మిగులుతుంది. ఇప్పుడు ఫోను సెట్టింగ్స్‌లో, ఆండ్రాయిడ్ అయితే డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్ తెరిచి నిన్నటి లెక్క చూడండి. ఆ రెండు అంకెల మధ్య తేడా దేనిలోంచి కోసి తెచ్చారో మీకే తెలుస్తుంది. ఎక్కువగా నిద్రలోంచే.

నేను యూట్యూబ్‌లో పాఠాలే వింటాను సార్. అది చదువే కదా?

వినడం చదువుకు మొదటి మెట్టు. అక్కడే ఆగిపోతే మాత్రం అది చదివామన్న తృప్తిని ఇస్తుంది, చదువును ఇవ్వదు.

అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం ప్రతి విద్యార్థికీ తెలియాలి. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు. మరికొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవారే ముందున్నారు. వారం తర్వాత పెడితే గుర్తు తెచ్చుకుని రాసినవారు ముందుకు వచ్చారు. మన పరీక్షలు వారం తర్వాతో, నెలల తర్వాతో వచ్చేవే కదా.

వీడియో విషయంలో ఇది ఇంకా పదునుగా వర్తిస్తుంది. మంచి అధ్యాపకుడు చెబుతుంటే లెక్క నీళ్లలా సాగిపోతుంది. ఆ సులువు ఆయనది, మీది కాదు. కాబట్టి ఒక లెక్క పూర్తికాగానే వీడియో ఆపండి. ఫోను బోర్లా పెట్టండి. అదే లెక్కను ఖాళీ పేజీలో మొదటి నుంచి చేయండి. ఆగిపోయిన చోటు వచ్చాక మళ్లీ వీడియో చూడండి. ఇలా చేస్తే నలభై నిమిషాల వీడియోకు రెండు గంటలు పట్టవచ్చు. పట్టనివ్వండి.

ఎన్‌పీటెల్, స్వయం, దీక్ష వంటివి ప్రభుత్వ విద్యాసంస్థలు నడిపే ఉచిత వేదికలు. తెలంగాణలో టీ-శాట్ ఛానళ్లు ఉన్నాయి. వీటిలో పాఠం పక్కన సినిమా ట్రైలరు కనిపించదు. అదొక్కటే పెద్ద మేలు.

యూట్యూబ్ తెరిచింది పాఠం కోసమే, తేలింది ఎక్కడో. ఆ సిఫారసులు రాకుండా ఆపవచ్చా?

ఆపవచ్చు. ఖాతా సెట్టింగ్స్‌లో చూసిన వీడియోల చరిత్రను తుడిచేసి, ఇక నమోదు చేయకుండా ఆపేయండి. ఆ తర్వాత మొదటి పేజీ దాదాపు ఖాళీగా కనిపిస్తుంది. కావలసింది మీరే వెతుక్కోవాలి. ఒక వీడియో అయ్యాక మరొకటి దానంతట అదే మొదలుకాకుండా ఆటోప్లే కూడా ఆపేయండి. వీలైతే చదువుకు వేరే ఖాతా పెట్టుకుని, అందులో పాఠాలు తప్ప ఏమీ చూడకండి.

ఐపీఎల్ సరిగ్గా ఎంట్రెన్స్ పరీక్షల ముందే వస్తుంది. ఏం చేయాలి?

నాకు ఎంతో దగ్గరైన ప్రశ్న. నాకూ క్రికెట్ ప్రాణం.

ముందు లెక్క చూద్దాం. ఇటీవలి సీజన్లలో 74 మ్యాచ్‌లు పెడుతున్నారు. ఒక్కో మ్యాచ్‌కు మూడున్నర గంటలు వేసుకున్నా 259 గంటలు. మార్చి చివర మొదలై మే దాకా సాగుతుంది. ఇంటర్ పరీక్షలు ముగిసి, ఈఏపీసెట్ కోసం కూర్చోవాల్సిన రోజులు ఇవే. అన్నీ చూడటం కుదరదు. అసలు చూడొద్దంటే పక్కింటి నుంచి కేక వినపడినప్పుడల్లా మనసు అక్కడికే పోతుంది.

నేను చెప్పే మధ్యేమార్గం ఇది. లీగ్ దశలో ఒక్కో జట్టు 14 మ్యాచ్‌లు ఆడుతుంది. మీ జట్టును ఒకదాన్ని ఎంచుకోండి. షెడ్యూలు రాగానే ఆ 14లో ఐదింటిని క్యాలెండరు మీద చుట్టేయండి. మ్యాచ్ ఎక్కువగా రాత్రి 7:30కు మొదలవుతుంది కాబట్టి ఆ రోజు చదువు ఏడింటికల్లా ముగించేలా తెల్లవారుజామున మొదలుపెట్టండి. ఆ ఐదు మ్యాచ్‌లూ నాన్నతోనో తమ్ముడితోనో కూర్చుని, చేతిలో పుస్తకం లేకుండా, మనసారా చూడండి. పుస్తకం ఒళ్లో పెట్టుకుని చూసేవారికి మ్యాచూ దక్కదు, పాఠమూ దక్కదు. మిగతా మ్యాచ్‌ల సంగతి మర్నాడు పొద్దున పేపర్లో చదివితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. బంతి బంతికీ స్కోరు పంపే నోటిఫికేషన్లు మాత్రం ఆపేయండి. చూడని మ్యాచ్ కూడా వాటి వల్ల మూడున్నర గంటలు తినేస్తుంది.

ఫోనులో ఆటలు ఆడవచ్చా?

ఆడవచ్చు. కానీ నిమిషాల్లో కొలవకండి, ఆటల్లో కొలవండి. బీజీఎంఐ వంటి ఆటలో ఒక మ్యాచ్ అరగంట దాకా సాగుతుంది, మధ్యలో ఆపడానికి ఉండదు. జట్టులో మరో ముగ్గురు మీ మీద ఆధారపడి ఉంటారు. "ఇరవై నిమిషాలే" అని చెప్పి కూర్చోబెట్టి, ఇరవయ్యో నిమిషానికి ఫోను లాక్కుంటే ఏ పిల్లవాడికైనా కోపం వస్తుంది. "ఒక మ్యాచ్, అయ్యాక ఫోను ఇచ్చేయాలి" అంటే ఆ మాట నిలబడుతుంది.

డబ్బు పెట్టి ఆడే ఆటలు మాత్రం వద్దే వద్దు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఎవరైనా లింకు పంపి ఆడమంటే ఇంట్లో చెప్పండి. అప్పటికే డబ్బు పోగొట్టుకుని ఉంటే మరీ త్వరగా చెప్పండి. తల్లిదండ్రులకు నా విన్నపం: ఆ మాట చెప్పడానికి వచ్చిన పిల్లవాణ్ణి ముందు దగ్గరికి తీసుకోండి, మందలింపు తర్వాత.

పాటలు వింటూ చదవవచ్చా?

లెక్కలు సాధన చేసేటప్పుడు, రికార్డు రాసేటప్పుడు, బొమ్మలు వేసేటప్పుడు వినండి. కొత్త పాఠం చదివేటప్పుడు మాటలున్న పాట వద్దు. పాటలోని మాటలూ పాఠంలోని మాటలూ ఒకే దారి కోసం పోట్లాడుకుంటాయి.

ఫోను ఎక్కడ పెట్టాలి?

చేతికి అందని చోట. ఒక అబ్బాయి వాళ్లమ్మ చదువు వేళకు ఫోనును బీరువా మీద పెట్టేది. తాళం లేదు, దాచడమూ లేదు. తీసుకోవాలంటే వంటింట్లోంచి స్టూలు లాక్కురావాలి. ఆ స్టూలు నేల మీద కీచుమనేది. "ఆ చప్పుడు వినగానే అమ్మ ఏమీ అనకపోయినా నేనే ఆగిపోయేవాణ్ణి సార్" అని చెప్పాడు. ఆ కీచుమనే క్షణంలో ఆలోచించడానికి వాడికి సమయం దొరికింది. వెనకటి వెబ్ పేజీల అడుగున మనకు దొరికింది కూడా అలాంటి క్షణమే.

రాత్రి చదువు అయ్యాక పడుకునే ముందు కాసేపు చూస్తే తప్పేమిటి?

రోజంతటిలో గట్టు లేని సమయం అదే. తర్వాత కళాశాల లేదు, భోజనం లేదు, పిలిచేవారు లేరు. 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. పగలు చదివినది మెదడులో స్థిరపడేది కూడా నిద్రలోనే. కాబట్టి మీ వినోదపు గంటను సాయంత్రానికి జరపండి. కళాశాల నుంచి రాగానే కాళ్లూ చేతులూ కడుక్కుని, ఏదైనా తిని, అప్పుడు చూడండి. రాత్రి ఫోను హాల్లో చార్జింగ్‌కు పెట్టండి. పొద్దున లేవడానికి అలారం గడియారం కొనుక్కోండి.

ఇరవై అయిదు నిమిషాలు చదివి ఐదు నిమిషాలు విరామం తీసుకునే పద్ధతి మంచిదేనా?

మొదలుపెట్టడానికి చాలా మంచిది. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి వంటింట్లో వాడే టమాటా ఆకారపు గడియారంతో దీన్ని మొదలుపెట్టాడు. అయితే ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. ఇరవై అయిదు నిమిషాలకొకసారి లేచే అలవాటుతో అక్కడికి వెళ్తే రెండో గంటలో మనసు గదిలోంచి బయటికి వెళ్లిపోతుంది. జూలైలో ఇరవై అయిదుతో మొదలుపెట్టి, దసరాకు యాభై, సంక్రాంతికి తొంభై, పరీక్షల ముందు వారానికి రెండుసార్లు పూర్తి మూడు గంటలు కూర్చోండి. విరామంలో ఫోను ముట్టకండి. నీళ్లు తాగండి, మెట్లు దిగి ఎక్కండి.

మా అబ్బాయి హాస్టల్లో ఉంటాడు. సంక్రాంతికి ఇంటికి వస్తే పొద్దస్తమానం ఫోనే. ఎలా మాన్పించాలి?

నెలల తరబడి ఫోను లేకుండా, గంట కొట్టిన ప్రకారం లేచి కూర్చుని వచ్చిన పిల్లవాడు. మొదటి రెండు రోజులు వదిలేయండి. నిద్రపోనివ్వండి, చూడనివ్వండి. ఆకలితో వచ్చినవాణ్ణి మొదటి ముద్ద దగ్గరే ఆపం కదా.

మూడో రోజు నుంచి, "ఆపు" అనడం కాకుండా పక్కన పని పెట్టండి. బజారుకు తీసుకెళ్లండి. అరిసెల పిండి కొట్టించడానికి మిల్లుకు పంపండి. తాతయ్య ఊరికి తీసుకెళ్లండి. హాస్టల్లో వాడికి దొరకనివి ఇవే. రోజుకు ఒక పూట రెండు గంటలు పుస్తకం, తన ఇష్టమైన సమయంలో. ఇంతకు మించి ఆ ఐదు రోజుల్లో సాధించాలని చూస్తే పండగా పోతుంది, వాడు మనసు విప్పి మాట్లాడే అవకాశమూ పోతుంది. వాడు చూస్తున్నదేమిటో పక్కన కూర్చుని అడగండి. చెప్పడానికి వాడి దగ్గర చాలా ఉంటుంది.

మేము చెబితే "మీరు సీరియళ్లు చూడటం లేదా" అంటోంది మా అమ్మాయి.

అమ్మాయి అడిగిన దానిలో న్యాయం ఉంది. రెండు గదుల ఇంట్లో హాల్లో టీవీ మోగుతుంటే పక్క గదిలో చదువు సాగదు. రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది దాకా టీవీ, ఫోన్లు అందరివీ ఆపేయండి, నాన్నగారిది కూడా. ఆ సీరియల్ మర్నాడు ఎప్పుడైనా యాప్‌లో చూడవచ్చు.

ఇంటికంతటికీ ఒకే ఫోను ఉంది. ఏం చేయాలి?

ఎవరికి ఎప్పుడు అన్నది కాగితం మీద రాసి గోడకు అంటించండి. పాఠాల వీడియోలు ముందే దించి పెట్టుకుంటే ఇంటర్నెట్ ఆపి వినవచ్చు. మధ్యలో ఏ సందేశమూ రాదు. నిజానికి ఫోను మరొకరికి ఇచ్చేయాల్సిన సమయం ఉన్న పిల్లలు, సొంత ఫోనున్న పిల్లల కన్నా నింపాదిగా చదవడం నేను చూశాను.

ఇది అలవాటు దాటి వ్యసనమైందని ఎలా తెలుస్తుంది?

గంటల లెక్క కన్నా, దేన్ని వదిలేస్తున్నారో చూడండి. తిండి, స్నానం, నిద్ర, స్నేహితులు ఒక్కొక్కటే జారిపోతుంటే, ఆపాలని తనే ఎన్నిసార్లు ప్రయత్నించినా కుదరకపోతే, ఫోను లేనప్పుడు విపరీతమైన కోపమో దిగులో వస్తుంటే ఆలస్యం చేయకండి. మానసిక సమస్యలకు ఫోనులో సాయం చేసే కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో ఇలాంటివారి కోసమే 2014 నుంచి షట్ క్లినిక్ ఉంది. కొన్నిసార్లు ఫోను వెనక వేరే బాధ ఉంటుంది. చదువంటే భయం, ఎవరో వేధించడం, ఇంటర్‌లో కోరుకోని కోర్సు గ్రూపులో చేరాల్సి రావడం. అది బయటికి రావడానికి ఓపిగ్గా వినేవారు కావాలి.

ప్రణాళిక వేసుకున్నాను, నాలుగు రోజులు బాగా సాగింది. నిన్న రాత్రి రెండింటి దాకా రీల్స్ చూశాను. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలా?

అక్కర్లేదు. ఆ నాలుగు రోజులూ మీ ఖాతాలోనే ఉన్నాయి. నిన్న ఏ సమయంలో ఫోను చేతికి వచ్చిందో, అప్పుడు ఏ లెక్క దగ్గర ఉన్నారో ఒక వరుస రాసుకోండి. ఈ రాత్రి పదిన్నరకు పడుకోండి. రేపు మధ్యాహ్నం భోజన విరామంలో ఆ లెక్క పట్టుకుని స్టాఫ్ రూముకు రండి, ఇద్దరం కలిసి చేద్దాం.